కరెంటు కొలిమికి టెంపరేచర్ కంట్రోలర్: వైరింగ్, సెట్టింగ్

ఈ ఎపిసోడ్‌లో పదును పెట్టే చిన్న కరెంటు కొలిమికి టెంపరేచర్ కంట్రోలర్ ఎలా కలపాలో, ఎలా సెట్ చేయాలో చూద్దాం. ముందే చెప్తున్నాను, ఇది 230 వోల్టుల పని. మెయిన్ ఆపకుండా బాక్స్ మూత తీయొద్దు. మొదటిసారి అయితే తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పక్కన పెట్టుకోండి.

అసలు ఇది ఎందుకంటారా? మన నందిగామ, జగ్గయ్యపేట వైపు లారీ కమాను పట్టీలతో కత్తులు, గొడ్డళ్ళు చేస్తారు కదండీ. సాగగొట్టడానికి బొగ్గుల కొలిమి చాలు, ఆ పనిలో మన బాబాయిల కన్నే మీటరు. చిక్కు పదును దగ్గర వస్తుంది. ఆ పట్టీని సుమారు 850 డిగ్రీల దగ్గర నూనెలో ముంచాలి. వేడి బాగా ఎక్కువైతే పెళుసవుతుంది, తక్కువైతే మెత్తగా ఉండిపోతుంది. మే నెల మధ్యాహ్నం వెలుతురులో ఎరుపు తక్కువగా కనపడుతుంది, ఇంకాస్త కాలుద్దాం అనిపిస్తుంది. ముంచాక మళ్ళీ 200 నుంచి 300 డిగ్రీల మధ్య కాచాలి. అక్కడ ఎరుపే ఉండదు. ఆ వేడిని గంటసేపు నిలపడం చేత్తో కష్టం. గొడ్డలి విరిగి వెనక్కొస్తే నష్టం చేసినాయనదే.

ఇప్పుడు సామాను. 3 కిలోవాట్ల కాయిల్ సుమారు 13 ఆంపియర్లు లాగుతుంది. 16 ఆంపియర్ల ఎంసీబీ, ఒక ఆర్‌సీసీబీ, 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, కాంటాక్టర్, పీఐడీ కంట్రోలర్, 40 ఆంపియర్ల ఎస్‌ఎస్‌ఆర్, దానికి హీట్ సింక్, కే టైప్ థర్మోకపుల్. కంట్రోలర్ కొనేటప్పుడు ఎస్‌ఎస్‌ఆర్ అవుట్‌పుట్ రకమే అడగండి. రిలే రకం ఎస్‌ఎస్‌ఆర్‌కి కావలసిన వోల్టేజీ ఇవ్వదు.

వైరింగ్ వరస ఇది. ఫేజు ఎంసీబీ, ఆర్‌సీసీబీ, కాంటాక్టర్, ఎస్‌ఎస్‌ఆర్ మీదుగా కాయిల్‌కి వెళ్ళాలి. న్యూట్రల్ కూడా ఆర్‌సీసీబీ, కాంటాక్టర్ గుండానే రావాలి. కంట్రోలర్‌కి కరెంటు కాంటాక్టర్ ముందు నుంచి తీసుకోండి. బాడీకి ఎర్త్ తప్పనిసరి.

థర్మోకపుల్ వైర్ల రంగులు కంపెనీని బట్టి మారతాయి. అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకునేది మైనస్. తిరగేసి కలిపితే వేడెక్కేకొద్దీ రీడింగ్ పడిపోతుంది. పొడవు చాలకపోతే మామూలు రాగి వైరు అతికించొద్దు, కే టైప్ వైరే వాడాలి. రాగి అతికిన చోట 60 డిగ్రీలు, కంట్రోలర్ దగ్గర 35 ఉంటే మీటరు సుమారు 25 డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. మీరు 850 అనుకుంటారు, లోపల 875 ఉంటుంది.

ఎస్‌ఎస్‌ఆర్ ఉండగా కాంటాక్టర్ దండగ అని చాలామంది వదిలేస్తారు. కానీ ఎస్‌ఎస్‌ఆర్ పాడైతే ఎక్కువగా షార్ట్ అయి ఆన్‌లోనే ఉండిపోతుంది. కంట్రోలర్ ఆపమన్నా వేడి ఆగదు. అందుకే హై అలారం వస్తే కాంటాక్టర్ తెరుచుకునేలా కలపండి. అలారాన్ని 100 డిగ్రీలకి పెట్టి, నిజంగా ఆగుతోందో లేదో చూడండి. కాంటాక్టర్ కాయిల్ లైన్లోనే తలుపు స్విచ్ కూడా ఉండాలి. లోపలి కాయిల్‌లో కరెంటు ఉంటుంది, పట్టకారు తగిలితే ప్రాణం మీదికొస్తుంది.

ఇక సెట్టింగ్. సెన్సర్ కే, సైకిల్ టైమ్ 2 సెకన్లు. పీఐడీ అంటే భయపడకండి, నేను సాఫ్ట్‌వేర్లో రాసిన లూప్ లాంటిదే. పీ ఇప్పటి తేడా చూస్తుంది, ఐ పోగైన తేడా చూస్తుంది, డీ ఎంత వేగంగా మారుతోందో చూస్తుంది. 800 పెట్టి, తలుపు మూసి ఆటో ట్యూన్ నొక్కండి. కాసేపు పైకీ కిందికీ ఊగి, నంబర్లు అదే రాసుకుంటుంది.

మీటరుని ఊరికే నమ్మొద్దు. కొన మరిగే నీళ్ళలో పెడితే 100 దగ్గర చూపించాలి. ఇనుము సుమారు 770 దగ్గర అయస్కాంతాన్ని వదిలేస్తుంది, మెయిన్ ఆపి ముక్క బయటికి తీసి అదీ చూడండి. కే టైప్‌ని 1100 దాటించకండి. జగ్గయ్యపేట సిమెంట్ కిల్న్‌లో క్లింకర్ 1450 దాకా వెళ్తుంది, అక్కడ ఇది పనికిరాదు. మన పదునుకి బాగా సరిపోతుంది.

చివరిగా ఒక మాట. మీటరుకి తెలిసేది దాని కొన దగ్గరి వేడి ఒక్కటే. గొడ్డలి లోపలిదాకా కాలిందో లేదో తేల్చుకోవడానికి కొన్ని నిమిషాలు ఆగాలి, అది కూడా కంటితో చూసుకోవాలి. జాగ్రత్తగా చేయండి. ఉంటానండి.