రెండవ బాణము



సంబోధి నొందిన పిదప గౌతమ బుద్ధుడు వారణాసి చెంత మృగదావమున, అనగా నేటి సారనాథమున, ఐదుగురు భిక్షువులకు తొలి ఉపదేశము గావించెను. జన్మము, జర, వ్యాధి, మరణములే గాక అప్రియులతోడి కలయిక, ప్రియుల యెడబాటు, కోరినది లభింపకుండుట కూడ దుఃఖమేయని వచించెను. దానికి మూలము తృష్ణ యనియు, తృష్ణ నశించినచో దుఃఖము నశించుననియు, అందులకు దారి అష్టాంగమార్గమనియు బోధించెను.

అట్లయిన జ్ఞానికి నొప్పియే యుండదా? ఉండును. సంయుత్త నికాయమున దీనికొక చక్కని ఉపమానము కలదు. అజ్ఞాని, ఒక బాణము తగిలిన వెంటనే రెండవ బాణము కూడ తగిలినవాని వంటివాడు. దేహబాధ మొదటిది, దానికై కుమిలి విలపించుట రెండవది. జ్ఞానికి మొదటిది మాత్రమే తగులును.

దూరనగరమున కొలువు చేయు కుమారునికి స్వగ్రామమునుండి తల్లి మరణవార్త వచ్చినది. కన్నీరు తప్పదు, అది మొదటి బాణము. “సెలవు పెట్టి ముందే పోయి యుండవలసినది” అని ఏండ్ల తరబడి తన్ను తాను పొడుచుకొనుట రెండవది. మొదటిదానిని ఎవ్వరును ఆపజాలరు. రెండవదానిని విడుచునది తన చేయియే. కావున ఆపగలవాడును తానే.