పాత బండికి కొత్త బల్ల

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



నేను మెకానిక్‌ను కాను. సహకార డిప్లొమా చదివి, సంఘాల పద్దులు తనిఖీ చేస్తూ వచ్చినవాణ్ణి. అయినా ఈనాడు బండి గురించి మాట్లాడదలచాను. పాతికేళ్లకు పైగా లెక్కలు చూసిన మీదట నాకు తెలిసినదేమంటే, సంఘం డబ్బు పెట్టెలోంచి పోయే సందర్భాలు తక్కువ. బండి కింద నుంచి కారిపోయే సందర్భాలు ఎక్కువ.

మన సంఘాలు కొన్ని పాత పికప్ బండ్లు కొని, వాటి తొట్టి తీసివేసి, క్యాన్ల కోసం చదునైన బల్ల కట్టిస్తున్నాయి. ఇందులో తప్పులేదు. తొట్టిలో చక్రాల మీది గుబ్బలు అడ్డం వచ్చి క్యాన్లు వరుసగా నిలవవు. బల్ల మీద నిలుస్తాయి. మూడు వైపుల నుంచీ ఎక్కించవచ్చు, దించవచ్చు. అయితే బల్ల కట్టించేటప్పుడు మనం రంగు చూస్తున్నాము, రేటు చూస్తున్నాము. బరువు చూడటం లేదు. నేను చెప్పదలచిన ముఖ్య విషయం ఇదే.

బరువు లెక్క

40 లీటర్ల పాలు సుమారు 41 కిలోలు. ఖాళీ క్యాను 9 కిలోలు వేసుకుంటే, నిండు క్యాను 50 కిలోలు. మీ బండి ఆర్.సి.లో రెండు అంకెలు ఉంటాయి: ఖాళీ బండి బరువు, మొత్తం బరువు. మొదటిది రెండో దానిలోంచి తీసివేస్తే మిగిలేదే మీరు మోయదగిన బరువు. అది 1,250 కిలోలు అనుకుందాం. అంటే 25 క్యాన్లు. ఇప్పుడు పాత తొట్టి కంటే 150 కిలోలు ఎక్కువ బరువైన బల్ల కట్టించారు. మిగిలినది 1,100 కిలోలు, అంటే 22 క్యాన్లు. మూడు క్యాన్లు పోయాయి. పూటకు 120 లీటర్లు, రోజుకు 240 లీటర్లు. క్యాన్ల వెంట ఒక మనిషి ఎక్కితే ఇంకొక క్యాను పోయినట్లే.

ఆ మూడు క్యాన్లను ఊళ్లో వదిలిరాలేము. కనుక ఎక్కిస్తాము. పట్టుబడితే, 2019 సవరణ తరువాత అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు. అది గాక ప్రతి అదనపు టన్నుకు 2,000. పట్టుబడకపోయినా కమాన్ కట్టలు, టైర్లు, బ్రేకులు ఆ జరిమానాను మెల్లమెల్లగా వసూలు చేస్తూనే ఉంటాయి.

ఇనుము మందం ఎంత?

8 అడుగుల పొడవు, 5½ అడుగుల వెడల్పు ఉన్న బల్లకు 3 మిల్లీమీటర్ల రేకు వేస్తే రేకే 96 కిలోలు. 5 మిల్లీమీటర్లది వేస్తే 160 కిలోలు. తేడా 64 కిలోలు, అంటే ఒక నిండు క్యాను కంటే ఎక్కువ. మనం మోసేది పాలు, గ్రానైటు కాదు. కింద అడ్డ చానళ్లు దగ్గర దగ్గరగా వేయిస్తే 3 మిల్లీమీటర్ల గళ్ల రేకు సరిపోతుంది. చెక్క బల్ల తేలికే గాని తడి పీలుస్తుంది; ఒలికిన పాలు పులిసి వాసన పడుతుంది. ఇనుమునైనా పులిసిన పాలు తినేస్తాయి. కనుక కడిగిన నీరు నిలవకుండా మూలల్లో రంధ్రాలు పెట్టించండి. ఆ నీరు ఛాసిస్ మీద పడకుండా పక్కకు పోవాలి.

ఛాసిస్‌ను ముందు చూడండి

బల్ల సంగతి తరువాత. తొట్టి దించిన రోజునే ఛాసిస్‌ను తీగ బ్రష్షుతో రుద్దించి, సుత్తితో తట్టి చూడండి. మంచి ఇనుము ఖంగుమంటుంది; తుప్పు పట్టినది బొత్తుగా మోగదు. కమాన్లు తగిలించే బ్రాకెట్ల దగ్గర పగుళ్లు వెతకండి. అక్కడ పగులు ఉంటే కొత్త బల్లకు ఒక్క రూపాయి కూడా ఖర్చు చేయవద్దు. 

బల్లను ఛాసిస్‌కు వెల్డింగు చేయించవద్దు. బండి గుంతలో దిగినప్పుడు ఛాసిస్ కొద్దిగా మెలితిరుగుతుంది. వెల్డింగు చేసిన చోట తిరగలేక పగులుతుంది. నేను తనిఖీ చేసిన ఒక సంఘంలో ఇదే జరిగింది. సాయంత్రం పాలతో బండి దారిలో కూలబడింది. వేసవి రోజు. వేరే బండి వచ్చేసరికి రాత్రి అయింది. డెయిరీలో పాలు విరిగినట్లు తేలింది. ఆ పూట పాలు పోసిన వారిలో రెండు గేదెలున్న వితంతువులు కూడా ఉన్నారు. వారికి బల్ల గురించి ఏమి తెలుసు? నష్టం మాత్రం వారికి కూడా పంచబడింది.

సరైన పద్ధతి ఇది. ఛాసిస్ మీద పొడవునా సబ్ ఫ్రేమ్ వేసి, రెంటి మధ్య గట్టి కర్ర బద్దె గాని రబ్బరు పట్టీ గాని పెట్టి, యూ బోల్టులతో బిగించాలి. బోల్టు బిగింపుకు ఛాసిస్ చానలు అంచులు నొక్కుకుపోకుండా లోపల దిమ్మె పెట్టాలి. పొగ గొట్టం దగ్గర అది ఇనుప దిమ్మె కావాలి. బ్రేకు గొట్టాలు, వైర్లు బోల్టుల కింద నలగరాదు. క్యాబినుకు, బల్లకు మధ్య సందు వదలాలి. వారం నడిపిన తరువాత బోల్టులు మళ్లీ బిగించాలి.

బరువు ఎక్కడ పడాలి?

క్యాన్ల బరువు మధ్యభాగం వెనుక యాక్సిలుకు కొద్దిగా ముందుకే ఉండాలి. వెనుకకు పోతే ముందు చక్రాలు తేలికై స్టీరింగు పట్టు తప్పుతుంది. వెనుక వేలాడే భాగం చక్రాల మధ్య దూరంలో 60 శాతం మించరాదని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. మనకు అంత కూడా అవసరం లేదు.

ఉత్త బల్ల మీద క్యాన్లు నిలవవు. ముందువైపు క్యాబినును కాపాడే జాలీ, మిగిలిన మూడు వైపులా క్యాను ఎత్తులో మూడింట రెండు వంతుల వరకు తీసి పెట్టుకునే కమ్మీలు ఉండాలి. బల్ల ఎత్తు ఎంత తగ్గితే అంత మంచిది. 50 కిలోల క్యానును రోజూ ఎత్తే నడుముల గురించి ఆలోచించండి. పైన తెల్లని గుడ్డ పందిరి వేయించండి. సగం నిండిన క్యాన్లు కుదుపుకు చిలికినట్లై వెన్న తేలుతుంది, శాంపిల్‌లో ఫ్యాట్ తప్పుగా వస్తుంది. కనుక క్యాన్లు నింపే పంపండి.

కాగితాలు

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి రూపంలో ఇష్టం వచ్చిన మార్పులు ఒప్పుకోదు. కట్టించే ముందే రవాణా శాఖ అధికారిని అడిగి, అనుమతి పొంది, తరువాత ఆర్.సి.లో నమోదు చేయించండి. బీమా కంపెనీకి తెలపండి. లేకుంటే ప్రమాదం జరిగిన నాడు బీమా చిక్కులో పడుతుంది. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ తప్పదని మరువవద్దు.

సంఘం దస్త్రంలో ఇవి ఉండాలి: పాలకవర్గ తీర్మానం, రేకు మందం, చానల్ సైజు, బల్ల బరువు రాసిన మూడు కొటేషన్లు, తొట్టి దించక ముందు ఒకటి, బల్ల కట్టిన తరువాత ఒకటి కాటా చీటీలు. ఆ రెండు చీటీలు చూసిన తరువాతే చివరి వాయిదా చెల్లించండి. విజయవాడ ఆటోనగర్‌లో కట్టించినా, మీ ఊరి వెల్డింగు షాపులో కట్టించినా పద్ధతి ఒకటే. "గట్టిగా కట్టండి" అని చెబితే బరువుగా కడతారు. "ఇన్ని కిలోలు దాటకుండా గట్టిగా కట్టండి" అని చెప్పండి.

బల్ల మీద పెరిగిన ప్రతి కిలో ఇనుము సభ్యుల పాలలోంచి తీసినదే. ఈ మాట మీ మీ సంఘాల మహాసభల్లో చెప్పి, సభ్యులకు ఆ చీటీలు చూపించవలసిందిగా కోరుతున్నాను.