తండ్రి దాచిన అప్పు

 

ఫోను మ్రోగగానే తండ్రి వాకిట్లోకి వెళ్లి గొంతు తగ్గించి మాట్లాడతారు. తల్లి చేతి బంగారు గాజులు కొంతకాలంగా కనబడవు. అడిగితే “ఏమీ లేదు బేటా” అంటారు. కూతురి నికాహ్‌కో, కొడుకును గల్ఫ్ పంపడానికో చేసిన అప్పును, పిల్లల మనసు నొప్పించలేక తండ్రి దాచుకుంటారు. అయినా కన్నబిడ్డల మనసు పసిగడుతూనే ఉంటుంది. ఆ మనసు మాటను మనం ఏం చేయాలి?

హుజురాత్ సూరా 12వ ఆయతులో అల్లాహ్ అతిగా అనుమానించడాన్ని, కూపీలు లాగడాన్ని వారించాడు. కనుక తండ్రి ఫోనును దొంగచాటుగా వెతకడం ధర్మసమ్మతం కాదు. అయితే అనుమానాలలో కొన్ని పాపాలని ఆ ఆయతు తెలిపిందే గాని, అన్నీ పాపాలని అనలేదు.

యాఖూబ్ (అలైహిస్సలాం) వృత్తాంతం చూడండి. నెత్తురు పూసిన చొక్కా చూడగానే, కుమారులు కట్టుకథ చెబుతున్నారని ఆయన గ్రహించారు. అది నిజమైంది. బిన్‌యామీన్ విషయంలో కుమారులు తాము చూసినదే చెప్పారు. అయినా ఆ తండ్రి మనసు కుదుటపడలేదు. ప్రవక్త మనసుకే అట్టి పరీక్ష ఎదురైనప్పుడు, మనం మన అనుమానాన్నే తీర్పుగా ఎంచరాదు. అలాగని దానిని అణచివేయనూ రాదు. అది మనల్ని అడగమని తట్టే తలుపు చప్పుడు మాత్రమే.

అడగడం ప్రవక్త సంప్రదాయం. జనాజా వచ్చినప్పుడు, మృతునికి అప్పు ఉందా అని ఆయన విచారించేవారు. ఒకసారి ఉందని తెలిసి, నమాజు చేయించకుండా ఆగారు. ఆ అప్పు తాను తీరుస్తానని అబూ ఖతాదా (రజియల్లాహు అన్హు) పూచీపడిన తర్వాతే నమాజు చేయించారు. అప్పు బయటపడింది గనుకనే దానిని మోసే భుజం దొరికింది. దాచిన అప్పుకు ఆ భుజం ఎక్కడ దొరుకుతుంది?

మరి ఎలా అడగాలి? ఇబ్రాహీమ్ (అలైహిస్సలాం) విగ్రహాలను ఆరాధించే తండ్రితో మాట్లాడినప్పుడు సైతం, మర్యమ్ సూరా 42 నుంచి 45 వరకు నాలుగు ఆయతులలోనూ ‘నాన్నా’ అనే పిలుపుతోనే మాట మొదలుపెట్టారు. మనమూ తండ్రి ఏకాంతంగా ఉన్నప్పుడు ప్రక్కన కూర్చుని, నిందించడానికి కాదు, భారం పంచుకోవడానికే వచ్చామని తెలపాలి. ఆయన నోరు విప్పితే, ఎవరికెంత ఇవ్వాలో కాగితంపై వ్రాసుకోవాలి. విప్పకపోతే ఓపికతో మళ్లీ అడగాలి.

తండ్రులకూ ఒక మాట. ఉహుద్ యుద్ధానికి ముందు రాత్రి అబ్దుల్లాహ్ (రజియల్లాహు అన్హు) తన కుమారుడు జాబిర్‌ను పిలిచి, తన అప్పు తీర్చమని, చెల్లెళ్లను బాగా చూసుకోమని చెప్పారు. మరునాడు ఆయన షహీద్ అయ్యారు. జాబిర్ ఆ అప్పు తీర్చారు. కొడుకుకు నిజం చెప్పడం వల్ల ఆ తండ్రి గౌరవం తగ్గలేదు.

అల్లాహ్ మన తల్లిదండ్రులను అప్పుల భారం నుంచి విముక్తులను చేయుగాక! వారిని మృదువుగా అడిగే నాలుకను, నిజాన్ని మోసే భుజాలను మనకు ప్రసాదించుగాక! ఆమీన్.