లింఫ్ గ్రంథిలో హాజరు పట్టీ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉల్లిపొరలో కణాన్ని నాకు మొదట చూపించింది వెంకటాచలంలోని మన బడే. అందరికీ ఒకే మైక్రోస్కోపు. నా వంతు వచ్చేసరికి బెల్లు కొట్టేవారు. ఇప్పుడు పాథాలజిస్టుగా రోజంతా దాని ముందే కూర్చుంటున్నాను. అందుకే నా పని గురించే నాలుగు మాటలు.

మెడలో బిళ్ల కట్టిందని ఒకాయన ఆరు నెలలు టీబీ మందులు మింగారు. మన దేశంలో అలాంటి బిళ్లకు టీబీని అనుమానించడం తప్పు కాదు, ముక్క తీసి చూడకపోవడం తప్పు. చివరికి బయాప్సీలో లింఫోమా అని తేలింది. రిపోర్టులో ‘కేఐ-67: 90 శాతం’ అని చదివి వాళ్లబ్బాయి, ‘నాయనకు ఇంక పది శాతమే ఆశా సార్?’ అన్నాడు.

ఆ అంకె అర్థం అది కాదు. కణం రెండుగా చీలే పనిలో ఉన్నప్పుడు కేఐ-67 అనే ప్రొటీన్ దానిలో ఉంటుంది, విశ్రాంతిలో ఉంటే ఉండదు. రంగు వేస్తే పనిలో ఉన్నవి గోధుమరంగులో, మిగిలినవి నీలంగా కనిపిస్తాయి. మన హాజరు పట్టీ లాంటిదే. పేరుకూ పెద్ద కథ లేదు: జర్మనీలోని కీల్ నగరం, ప్రయోగపు పళ్లెంలో 67వ గుంట. 1983లో ప్రకటించారు.

90 శాతం అంటే జబ్బు జోరుగా ఉందని. కానీ చాలా కీమో మందులు దెబ్బతీసేది చీలుతున్న కణాన్నే. బర్కిట్ లింఫోమాలో ఈ అంకె దాదాపు నూరు. అయినా వేళకు గట్టి వైద్యం అందితే పిల్లల్లో ఎక్కువమందికి నయమవుతుంది. ఆ వైద్యంలో వాడే మెథోట్రెక్సేట్, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారైనదే. అంకె తక్కువుండే ఫాలిక్యులర్ లింఫోమా ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగుతుంది గానీ, పూర్తిగా వదలడం కష్టం. దాని గ్రేడు రంగుతో వేయం, పెద్ద కణాలను లెక్కపెట్టి వేస్తాం: ఒక్కో చూపులో సగటున 5 దాకా 1, 15 దాకా 2, ఆపైన 3. మాంటిల్ సెల్ రకాన్ని సైక్లిన్ డి1 అనే మరో ప్రొటీన్ పట్టిస్తుంది. అందులో కేఐ-67 30 శాతం దాటితే జాగ్రత్త పడతాం.

గ్రేడు అంటే కణాల దూకుడు, స్టేజి అంటే జబ్బు పాకిన మేర. రెంటినీ కలిపేసి భయపడకండి.

ఇంకొకటి. ముక్కను సెలైన్‌లో వేసి మద్రాసు రైలెక్కిస్తారు కొందరు. వెంటనే పది శాతం ఫార్మలిన్‌లో వేయకపోతే ముక్క చెడుతుంది, రంగులు అబద్ధం చెబుతాయి. సీసా ఏమిటని అడగండి, డాక్టర్లేమీ అనుకోరు.

ఆ నాయన ఆరు విడతల కీమో పూర్తిచేశారు. మొన్నటి స్కానులో బిళ్లలు లేవు. ఈ రకం తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే. అబ్బాయి ప్రతి మూడు నెలలకూ ఫోన్ చేస్తున్నాడు.