కీహోల్ ఆపరేషన్ తర్వాత మలబద్ధకం – ఇంటివారి జాగ్రత్తలు
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను గుమాస్తాగా రిటైరైనవాణ్ణి, డాక్టర్ని కాను. మా ఇంటావిడకు గర్భసంచి తీసినప్పుడు డాక్టరమ్మగారు చెప్పినవి, పిదప అడిగి తెలుసుకున్నవి మాత్రమే మనవి చేస్తాను. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఈ ఆపరేషన్ అయిన స్త్రీల శాతం దేశంలో అన్నిటికంటే ఎక్కువ ఆంధ్రప్రదేశ్‌లోనే, తర్వాతిది తెలంగాణ. కావున ఇది మన ఇళ్ళ విషయమే.

కీహోల్ పద్ధతిలో పొట్టపై గాట్లు చిన్నవి. అందుచేత అందరూ చిన్న ఆపరేషనే అనుకుంటారు. లోపల జరిగే పని మాత్రం పెద్దదే. మత్తుమందు, ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు, కదలకుండా పడుకోవడం – వీటివల్ల పేగులు మందగిస్తాయి. ఐరన్ మాత్రలు దానికి తోడు. ఆపైన మన పథ్యం! పప్పు తింటే చీము పడుతుందని, నీళ్ళు ఎక్కువ తాగరాదని కారప్పొడి అన్నంతో సరిపెడతారు. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. పీచు, నీరు లేని పథ్యం వల్ల మలం గట్టిపడుతుంది. అప్పుడు ముక్కితే లోపలి కుట్లపై ఒత్తిడి పడుతుంది.

చేయవలసినవి:

1. మోషన్ సాఫీగా కావడానికి ఏ మందు, ఎప్పటినుంచి వాడాలో ఆపరేషన్‌కు ముందే డాక్టరును అడగండి. లాక్టులోజ్ వంటివి ఇస్తారు.

2. డాక్టరు సరేననగానే ఇంట్లోనే రోజూ పలుమార్లు మెల్లగా నడిపించండి.

3. నీళ్ళు, పలచని మజ్జిగ, ఆకుకూర పప్పు, బొప్పాయి, జామ ఇవ్వండి. గుండె, కిడ్నీ, షుగరు జబ్బులున్నవారు కొలత డాక్టరును అడగాలి.

4. ఇసబ్‌గోల్ డాక్టరు చెబితేనే, అదీ నిండు గ్లాసు నీటితో. నీరు చాలకపోతే లోపలే గట్టిపడుతుంది.

5. కమోడ్‌పై కూర్చున్నప్పుడు పాదాల కింద చిన్న పీట వేయండి. ముక్కనివ్వవద్దు. సొంతంగా ఎనీమా ఇవ్వవద్దు.

రెండు మూడు రోజులు ఆలస్యం కావడం మామూలే. అంతకు మించితే డాక్టరుకు ఫోను చేయండి. పొట్ట ఉబ్బి వాంతులైనా, గ్యాసు కూడా పోకున్నా, జ్వరం వచ్చినా, నొప్పి పెరిగినా, రక్తస్రావం ఎక్కువైనా రోజులు లెక్కపెట్టక వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

చివరగా మగవారికొక మాట. మన ఆడవాళ్ళు ఈ బాధ కొడుకుతోనో అల్లుడితోనో చెప్పుకోరు. సిగ్గుతో ఓర్చుకుంటారు. మనకు తీరికుంది గదా! "కాఫీ తాగావా" అన్నంత మామూలుగా "మోషన్ అయిందా" అని అడుగుదాం. పెండింగు ఫైలుకు రిమైండరు వేయడం మనకు కొత్తా?