ఫ్లాటులో మందారం

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల మీద అంత వేడిగా చర్చ జరిగాక మొక్కల గురించి మాట్లాడమని నన్ను నిలబెట్టారు. భోజనం చివర మజ్జిగ వడ్డించినట్లుంటుందని కార్యదర్శి గారి ఉద్దేశం కావచ్చు. నేను వృక్షశాస్త్రం చదివినవాణ్ణి కాను. ముప్ఫై నాలుగేళ్లు గుమాస్తాగా ఫైళ్లు మోసి, రిటైరయిన తర్వాత పద్నాలుగేళ్లుగా ఈ హైదరాబాదులో మూడో అంతస్తు ఫ్లాటులో మందారం పెంచుతున్నవాణ్ణి. అంతే నా అర్హత.

మనలో చాలామందిమి పెరడున్న ఇల్లు వదిలి పిల్లల దగ్గర ఫ్లాట్లలో చేరాము. వచ్చేటప్పుడు సామానుతోపాటు ఒక మందారపు కుండీ కూడా లారీ ఎక్కుతుంది. మూడు నెలలకు ఆకులు పండి రాలడం మొదలవుతుంది. ఆ తర్వాత పూజకు పూలు బజారులో కొనుక్కోవడమే.

మన సభ్యులే ఒకరు, పేరు చెప్పను, కిందటేడు నాకు కబురు పంపారు. భార్య పోయిన తర్వాత ఆయన కొడుకు దగ్గరకు వచ్చారు. ఆవిడ చేత్తో నాటిన ఎర్ర మందారం వెంట తెచ్చుకున్నారు. హాల్లో, టీవీ పక్కన, ఆవిడ ఫోటో కింద పెట్టారు. ఉదయం ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు నీళ్లు. నేను వెళ్లేసరికి పదిహేను ఆకులు కూడా లేవు. "ఇది కూడా పోతే ఎలాగండీ?" అన్నారాయన. మట్టిలో వేలు పెట్టి చూస్తే బురద. ఇద్దరం పట్టుకుని తూర్పు బాల్కనీలోకి జరిపాము. మట్టి ఆరేదాకా, వారం రోజులు, నీళ్లు పోయవద్దని కోడలికి కూడా చెప్పి వచ్చాను. ఫోటో కింద నుంచి తీయడానికి ఆయన మనసు ఒప్పలేదు, అది నాకు అర్థమయింది. నలభై రోజులకు కొత్త చిగుళ్లు వచ్చాయి. పువ్వు పూయడానికి మరో రెండు నెలలు పట్టింది.

మందారం మన గోంగూరకు దగ్గరి బంధువు. బెండ, పత్తి కూడా ఆ కుటుంబానివే. అందరూ ఎండలో బతికేవారే. బెండకాయ హాల్లో కాస్తుందని ఎవరమూ అనుకోము, మందారాన్ని మాత్రం సోఫా పక్కన పెడతాము! రోజుకు నాలుగైదు గంటలైనా నేరుగా ఎండ తగలాలి. లేకపోతే ఆకులు పచ్చగానే ఉంటాయి, మొగ్గ మాత్రం వేయదు. బాల్కనీ లేనివారు తూర్పు కిటికీకి ఆనించి పెట్టుకోండి. కిటికీ నుంచి గదిలోకి నాలుగడుగులు జరిపితే వెలుగు మన కళ్లకు తగ్గినట్లు అనిపించదు, మొక్కకు మాత్రం చాలా తగ్గిపోతుంది.

దక్షిణపు బాల్కనీ వారికి ఒక చిక్కుంది. చలికాలమంతా ఎండ బ్రహ్మాండంగా లోపలికి వస్తుంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు హైదరాబాదులో నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు. అప్పుడు ఆ బాల్కనీలో ఎండ పడదు. ఆ మూడు నెలలు పూలు తగ్గితే మొక్కకు జబ్బు చేసిందనుకుని మందులు కొట్టకండి.

నీళ్ల సంగతి. మట్టిలో వేలు ఒక అంగుళం దించండి. పొడిగా తగిలితేనే పోయండి, పోస్తే అడుగు నుంచి కారేదాకా పోయండి. ఎండలో ఉన్న కుండీకి వేసవిలో రోజూ కావాలి, లోపలున్నదానికి వానాకాలంలో నాలుగు రోజులకొకసారి చాలవచ్చు. అడుగున పెట్టిన పళ్లెంలో నీళ్లు నిలవనివ్వకండి. వేళ్లు కుళ్లుతాయి, డెంగ్యూ దోమ గుడ్లు పెడుతుంది. టైల్సు మీద ఆ నీళ్లు ఒలికితే మన వయసులో తుంటి ఎముకకే ముప్పు. తడిసిన పెద్ద కుండీని ఒంటరిగా ఎత్తే సాహసం కూడా వద్దు. చక్రాల పీట దొరుకుతుంది, కొనుక్కోండి.

ఎరువుకు నెలకు రెండు గుప్పెళ్లు వర్మీకంపోస్టు చాలు. డి.ఏ.పి. గుళికలు వేసేవారున్నారు. అందులో భాస్వరం నూటికి 46 పాళ్లు, మందారానికి భాస్వరం ఎక్కువైతే పడదు.

తెల్లని దూదిలా కనిపించేది పిండినల్లి. చీమలు కాండం ఎక్కుతున్నాయంటే అది వచ్చిందేమో చూడండి. దాని తీపి విసర్జన కోసం చీమలు దాన్ని కాపాడతాయి. తడిగుడ్డతో తుడిచి, లీటరు నీటికి ఒక చెంచా వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున కూడా చల్లాలి. వారానికొకసారి, మూడు వారాలు. ఎ.సి. గాలి తగిలే చోట ఎర్రనల్లి కూడా వస్తుంది.

అమెరికాలో పిల్లల దగ్గర ఆరు నెలలు గడిపే వారికి ఒక్క మాట. అక్కడ రాత్రి చలి 10 డిగ్రీల దాకా దిగకముందే కుండీ లోపలికి తెచ్చేయమనండి. ఆకులు కొన్ని రాలుతాయి, కంగారుపడి నీళ్లు పెంచవద్దు.

పువ్వు కొత్త కొమ్మ చివరనే వస్తుంది. అందుకని జూన్‌లో వానలు మొదలవగానే కొమ్మల్ని మూడో వంతు కత్తిరించండి. మా ఆవిడకు ఇది ఇప్పటికీ నచ్చదు, ఆ రెండు నెలలూ పూలుండవు కదా.

కత్తిరించిన కొమ్మల్ని పారేయలేదు. జానెడు ముక్కలు పన్నెండు తడిగుడ్డలో చుట్టి తెచ్చాను, అన్నీ ఒంటి రెక్క ఎర్ర మందారం. కింది ఆకులు తీసి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి, నెల రోజులు నీడలో ఉంచితే వేళ్లు వస్తాయి. వేరు వచ్చాక ఎండలోకి మార్చండి. ముక్కలు టీ బల్ల దగ్గర ఉన్నాయి. మనిషికి ఒకటే, దయచేసి వరుసలో రండి.