మూడుసార్లు పోయిన పిస్టన్

(కె.జి.ఎఫ్.లో ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగం)

నేను బి.కామ్. చదివి బ్యాంకులో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే రిటైరైనవాణ్ణి. పెద్ద సలహాలిచ్చే అర్హత నాకు లేదు. మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెబుతాను.

2009లో మా అక్క కొడుకు మెకానికల్ డిప్లొమా చదువుతున్నాడు. మా బావ గని కార్మికుడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశాక ఇల్లు గడిచేది అక్క కుట్టుమిషన్ మీదే. అలాంటి ఇంట్లో వాడు, నలుగురు స్నేహితులు చందాలేసుకుని ఒక పాత కార్బ్యురేటర్ కారు కొని, రేసుకు తయారుచేశారు. ఇక్కడ సైనైడ్ దిబ్బల పక్క మైదానంలో బాణంలా పోయేది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు తీసుకెళ్తే పది రౌండ్లు తిరక్కముందే పిస్టన్ పోయింది. కొత్తది వేశారు, మళ్లీ పోయింది. మూడోసారీ అంతే. ఆ మూడో పిస్టన్‌కు పెట్టింది వాడి పరీక్ష ఫీజు.

అక్క వచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను వాణ్ణి పిలిచి, “ఆ ఇనుము తూకానికి అమ్మేయరా” అని కోప్పడ్డాను. “ఈసారి ఇంకా మంచి పిస్టన్ వేస్తే నిలుస్తుంది మామా” అన్నాడు. వెనక రెండుసార్లూ అదే మాట.

బ్యాంకులో లెక్క కుదరకపోతే తేడాను సస్పెన్స్ ఖాతాలో వేసి ఇంటికి పోవచ్చు. తప్పు మాత్రం పుస్తకంలోనే ఉంటుంది. కొత్త పిస్టన్ వేయడం నాకలాగే తోచింది. లెడ్జరు కాగితం ఇచ్చి, కారు నడిపిన ప్రతిరోజుకూ గడులు గీసి రాయమన్నాను: తేదీ, ఊరు, ఎంతసేపు, ఎక్కడి పెట్రోలు, ఎవరు నడిపారు, ఏమైంది. రాసి చూస్తే పెట్రోలు బంకు మారింది, నడిపినవాడు మారాడు, పిస్టన్ మారింది. మారనిది ఒకటే. మూడుసార్లూ చెన్నైలోనే పోయింది, ఇక్కడ ఒక్కసారీ పోలేదు.

ఆ కాగితం, పాడైన పిస్టన్లు, స్పార్క్ ప్లగ్గులు తీసుకుని గని వర్క్‌షాపులో పనిచేసిన ఒక పెద్దాయన దగ్గరకు వెళ్లాం. ఆయన ముందు పిస్టన్ పక్కలు చూశారు. నిలువు గీతలు లేవు, అంటే ఆయిలు సరిగానే అందింది. పైభాగం మాత్రం కోడి పొడిచినట్టు గుంటలు పడి, అంచు కరిగి ఉంది. ప్లగ్గు తెల్లగా పాలిపోయి, దానిమీద అల్యూమినియం చుక్కలున్నాయి. “పెట్రోలు చాలక, ఇంజన్ లోపల కొట్టుకుంటోంది” అన్నారు.

ఇక్కడ చాలిన పెట్రోలు అక్కడెందుకు చాలలేదు? ఆయన నవ్వి, “గనిలో దిగినవాణ్ణి అడుగు. ఛాంపియన్ రీఫ్‌లో మూడు కిలోమీటర్ల కిందికి పోతే గాలి చిక్కబడుతుంది” అన్నారు. మన ఊరు సముద్రమట్టానికి 800 మీటర్లకు పైనుంది. చెన్నై సముద్రపు ఒడ్డున ఉంది. పలమనేరు దాటి మొగిలి ఘాటు దిగేటప్పుడు చెవులు గుయ్యిమనేది అందుకే. ఇక్కడ గాలి ఒత్తిడి సుమారు 9 శాతం తక్కువ. పిల్లలు కార్బ్యురేటర్ జెట్టు, ఇగ్నిషన్ టైమింగ్ ఇక్కడి పలుచని గాలికి సరిపెట్టారు. కిందికి పోయేసరికి ఇంజన్‌లోకి గాలి ఎక్కువ చేరింది, దానికి తగ్గ పెట్రోలు చేరలేదు. ఒత్తిడి పెరిగింది. పైగా ట్రాక్ మీద ఆగకుండా పూర్తి వేగం. పిస్టన్ అల్యూమినియానిది, ఎంతకని ఓర్చుకుంటుంది?

జెట్టు ఒక సైజు పెద్దది వేసి, టైమింగ్ కొంచెం వెనక్కి జరిపారు. ఈసారి చెన్నైలో రెండు రౌండ్లకొకసారి ఆపి ప్లగ్గు రంగు చూసుకున్నారు. లేత కాఫీ రంగు వచ్చాకే వేగం పెంచారు. పిస్టన్ నిలిచింది. రేసులో బహుమతి రాలేదు. ఫీజు అపరాధ రుసుముతో నేను కట్టాను. వాడు ఇప్పుడొక వర్క్‌షాపులో సూపర్‌వైజరు.

తల్లిదండ్రులారా, పిల్లవాడు ఒకే సబ్జెక్టులో పదేపదే తప్పితే మనం ట్యూషన్ మాస్టర్ని మారుస్తాం, లేదా నాలాగా తిడతాం. అది పిస్టన్ మార్చడమే. గడులు గీసి చూడండి. పదో తరగతి లెక్కల్లో తప్పినవాడికి ఆరో తరగతి భిన్నాలు రాకపోయి ఉండవచ్చు. విద్యార్థులారా, తప్పిన కాగితాలు సిగ్గుపడి చించేయకండి. ఆ పాడైన పిస్టన్లు పారేసి ఉంటే మాకు కారణం దొరికేది కాదు.

ఈరోజు అందుకునే డబ్బు మాత్రం ఫీజుకే కట్టండి. సెలవు.